ఏడు రాత్రుల మంచం

(తొమ్మిదో భాగం)

థాంక్స్‌గివింగ్ పండుగ రాత్రి రెన్నీ భోజనాల బల్ల దగ్గర్నుంచి లేచి, కోటైనా వేసుకోకుండా వెళ్ళిపోయింది. రెన్నీ కొడుకుని చూపించడానికి తీసుకొస్తానని మాటిచ్చిన ఆమె తల్లి రాలేదు. అది గురువారం. ఇవాళ మంగళవారం. మత్తుకు అలవాటుపడిన ఆడవాళ్ళ కోసం లారెల్ ఫోర్క్ పాత బడిలో ఆర్ఫా టాకెట్ నడుపుతున్న పది మంచాల ఇంటికి వచ్చే ఏడాది కౌంటీ డబ్బు ఇవ్వాలా వద్దా అన్నది ఎల్లుండి ముగ్గురు కమిషనర్లు తేల్చబోతున్నారు. వాళ్ళు పంపిన ఆర్డిత్ క్రమ్ అనే అమ్మాయి గది గదీ తిరిగి, రెన్నీ వదిలి వెళ్ళిన ఆరో నంబరు మంచం దగ్గర ఆగి, "ఇది ఎవరిది?" అని అడిగింది. పోయిన వారం మనం వాళ్ళిద్దర్నీ ఆ మంచానికి చెరోవైపు వదిలేసి వచ్చాం.

మంచం మీద దుప్పటి ఉతికి ఇస్త్రీ చేసినట్టుంది. దాని మీద అతుకుల బొంత ఒక మూల మడిచి ఉంది, పడుకోబోయే మనిషి కోసం ఎవరో చేత్తో తెరిచి పెట్టినట్టు. దిండు మీద ఒక్క ముడత లేదు. కిటికీ అవతల కొండ మీద ఎక్కడో తుపాకీ పేలింది. దుప్పుల వేట వారం కదా, పొద్దుట్నించీ పేలుతూనే ఉన్నాయి. ఇద్దరూ తలెత్తలేదు.

"పేరు చెప్పే వీల్లేదు నాకు" అంది ఆర్ఫా. "ఇక్కడున్నవాళ్ళ పేర్లు బయటపెట్టకూడదన్న చట్టం నీకూ తెలుసుగా."

"పేరు అక్కర్లేదు టాకెట్ గారూ. మనిషి ఉందా, లేదా?"

"ఉంది. ఇక్కడ లేదు."

ఆర్డిత్ తన అట్ట మీది కాగితం వైపు చూసింది. సన్నటి మనిషి, ముప్పై దాటి ఉండవు. రోడ్డు మీద కారాపి నడిచి వచ్చింది కాబట్టి, వేటగాళ్ళు దుప్పి అనుకోకుండా నారింజరంగు చొక్కా తొడుక్కుంది. అది ఇంకా ఒంటి మీదే ఉంది. కౌంటీ నుంచి వచ్చిన మనిషి అలా వెలిగిపోతూ గదుల్లో తిరుగుతుంటే లోపలి ఆడవాళ్ళు పొద్దుట్నించీ ముసిముసిగా నవ్వుకుంటున్నారు.

"ఈ కాగితంలో అలాంటి గడి లేదండీ" అంది. "ఉందికి ఒకటి, ఖాళీకి ఒకటి. అంతే."

"అయితే ఖాళీ అని రాసుకో. మీకు పంపే రాత్రి లెక్కలో నేనూ అలాగే రాస్తాను. ఏ రాత్రీ అబద్ధం రాయలేదు."

"తెలుసు. రెండేళ్ళ కాగితాలూ చదివాను."

గుమ్మంలో ఆ ఇంట్లో ఉంటున్న వెల్డా నిలబడి ఉంది, చేతుల్లో ఉతికిన దుప్పట్ల దొంతరతో. భారీ మనిషి. నవ్వినా, తిట్టినా భుజాలు రెండూ కదులుతాయి. వంటింట్లో చిక్కుళ్ళు ఉడుకుతుంటే వదిలేసి, ఇక్కడ ఏం జరుగుతోందో వినడానికి వచ్చింది.

"కౌంటీ అమ్మాయ్" అంది వెల్డా. "నీకు ఖాళీ గడి నిండాలంతేగా? నన్ను రాసుకో. నా ఒంటికి ఒక మంచం ఎటూ చాలట్లేదు. అటు సగం, ఇటు సగం పడుకుంటాను."

"వెల్డా, చిక్కుళ్ళు మాడతాయి" అంది ఆర్ఫా.

"మాడితే మాడనీ, ఎవరికి కావాలవి. ఈ పాపకి చెప్పు పిన్నీ, ఈ మంచం సంగతి. చెప్పకపోతే ఏమనుకుంటుంది? మనం మంచాలకి పూజ చేస్తున్నామనుకుంటుంది."

దుప్పట్లు కుర్చీలో పెట్టి వెళ్ళిపోయింది. అయితే ఎక్కువ దూరం వెళ్ళలేదని అడుగుల చప్పుడు ఆగిన చోటే తెలిసిపోయింది.

ఆర్ఫా పక్క మంచం అంచున కూర్చుంది. యాభై తొమ్మిదేళ్ళు వచ్చాయి, మోకాళ్ళు ఎక్కువసేపు నిలబడనివ్వవు. ఆర్డిత్‌ని కూర్చోమంది. ఆ అమ్మాయి కూర్చోలేదు.

"ఈ ఇంట్లో ఒక పద్ధతి ఉంది" అంది ఆర్ఫా. "ఎవరైనా చెప్పకుండా వెళ్ళిపోతే, ఏడు రాత్రులు ఆ మంచం ఎవరికీ ఇవ్వం. రోజూ దుప్పటి మారుస్తాం. పడుకోని దుప్పటి మార్చడం ఎందుకంటే చెప్పలేను. వంతులేసుకుని మారుస్తాం. ఆ మనిషి కాఫీ కప్పు కొక్కేనికే ఉంటుంది. తిరిగొస్తే ఎక్కడికెళ్ళావని అడగం. భోంచేశావా అని అడుగుతాం."

"తిరిగొస్తారా?"

"సగం మంది వస్తారు. ఇందాక మాట్లాడి వెళ్ళిందే, ఆవిడ రెండుసార్లు వచ్చింది. తన గురించి తను ఊరంతా చెప్పుకుంటుంది కాబట్టి నేను చెప్పినా తప్పులేదు."

"మూడుసార్లు!" అని నడవలోంచి వినపడింది.

ఆర్డిత్ పెదవుల చివర నవ్వులాంటిది మెదిలి పోయింది.

"ఎందుకు పెట్టారు ఆ పద్ధతి?"

ఈ ప్రశ్న ఆర్ఫాని అంతకుముందు చాలామంది అడిగారు. ప్రతిసారీ ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేది. బైబిల్లో ఏడు మంచి సంఖ్య అనేది. ఇవాళ ఎందుకో, నారింజరంగు చొక్కాలో నిలబడ్డ ఆ అమ్మాయి తన మొహం వంకే కదలకుండా చూస్తుంటే, నిజం చెప్పడమే తేలిక అనిపించింది.

"ఇరవై ఆరేళ్ళ కింద నేనూ ఇలాంటి ఇంట్లో ఉన్నాను. ఇక్కడ కాదు, నది అవతల. పన్నెండో రోజు గోడ దూకాను. ఐదో రాత్రి తిరిగొచ్చాను. చెప్పులు కూడా లేవు. తలుపు తీసినావిడ మంచిదే, లోపలికి రానిచ్చింది. నేను నా గదిలోకి వెళ్ళాను. నా మంచంలో ఇంకో అమ్మాయి నిద్రపోతోంది. నోరు తెరుచుకుని, చంటిపిల్లలా. ఎవరినీ ఒక్క మాట అనలేదు నేను. ఆ అమ్మాయి లేస్తుందేమోనని చప్పుడు కాకుండా బయటికి నడిచాను. మళ్ళీ ఇంకో ఇంటి తలుపు కొట్టడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది."

కొండ మీద ఇంకో తుపాకీ పేలింది. ఈసారి దగ్గర్లో.

"నాలుగేళ్ళు" అంది ఆర్ఫా. "అందులో రెండు నాకు గుర్తే లేవు."

ఆర్డిత్ కిటికీ దగ్గరికి వెళ్ళింది. అక్కణ్ణుంచి చూస్తే బడి ముందు మట్టి మైదానం కనిపిస్తుంది. ఒకప్పుడు బడి బస్సులు తిరిగే చోటు. ఇప్పుడు ఇంటివాళ్ళ పాత వ్యాను, కట్టెల కుప్ప, మూలన ఒక వాల్‌నట్ చెట్టు.

"ఆ చెట్టు కింద ట్రక్కు పెట్టుకుంటే ఈ మంచం కనిపిస్తుందా?" అని అడిగింది.

ఆర్ఫాకి ప్రశ్న అర్థం కాలేదు. "పగటిపూట కనిపిస్తుంది. ఎందుకు?"

"మా అక్క లవీనా అక్కడ కూర్చునేది."

ఆ అమ్మాయి అట్టని రెండు చేతులా ఛాతీకి ఆనించుకుంది. గొంతు ఏమీ మారలేదు. కాగితంలో రాసినది చదువుతున్నట్టు చెప్పుకుపోయింది.

"పోయినేడు మార్చిలో. ఇక్కడ పేరు రాయించుకుంది. మీ పద్ధతి ప్రకారం రోజూ పొద్దున తొమ్మిదిలోపు ఫోను చెయ్యాలిగా, లేకపోతే పేరు కొట్టేస్తారుగా. చేసింది. పదకొండు రోజులు. చివర్లో వరసలో మొదటి పేరు తనదే అయింది. ఇంట్లో ఉంటే తట్టుకోలేక మధ్యాహ్నాలు మా నాన్న ట్రక్కు వేసుకుని ఇక్కడికొచ్చేది. గేటు దగ్గరుంటే పిలవగానే లోపలికి దూకేస్తానే అనేది. ఆ కిటికీలోంచి ఒక మంచం కనిపిస్తుందని చెప్పింది నాతో. బొంత మూల మడిచి ఉంటుందట. రోజూ ఎవరో వచ్చి దుప్పటి మారుస్తారట. ఎవరూ పడుకోరట. 'ఆర్డీ, అది నాకోసమే సర్దుతున్నారే, ఇవాళో రేపో పిలుస్తారు' అంది."

ఆర్ఫా చేతులు ఒళ్ళో ఉన్నాయి. వాటిని చూసుకుంటూ ఉండిపోయింది.

"పన్నెండో రోజు ఫోను చెయ్యలేదు" అంది ఆర్డిత్.

ఆర్ఫాకి ఆ గొంతు గుర్తొచ్చింది. మనిషిని ఎన్నడూ చూడలేదు. గొంతు మాత్రం నిన్న విన్నంత స్పష్టంగా గుర్తొచ్చింది. ఫోను ఎత్తగానే, "శుభోదయం మేడమ్, నేనింకా బతికే ఉన్నాను, మీరెలా ఉన్నారు?" అనేది. పదకొండు పొద్దులు అదే జోకు. ఆర్ఫాకి ఆ పిలుపు కోసం ఎదురుచూడటం అలవాటైంది కూడా. పన్నెండో రోజు తొమ్మిదింబావు దాకా ఆగింది. తర్వాత స్కేలు పెట్టి, ఆ పేరు మీద సన్నగా గీత గీసింది. ఆ స్కేలు చల్లదనం ఇప్పుడు వేళ్ళకి తగిలినట్టయింది.

ఇదేదీ ఆమె చెప్పకూడదు. లవీనా క్రమ్ అనే మనిషి ఎప్పుడైనా ఫోను చేసిందని ఒప్పుకోవడం కూడా నేరమే. అక్కచెల్లెళ్ళ దగ్గరైనా సరే.

"ఇప్పుడు ఎక్కడుంది మీ అక్క?" అని మాత్రం అడిగింది.

"రాష్ట్ర జైల్లో. మూడేళ్ళు. మత్తుమందు కోసం ఫార్మసీ అద్దం రాయి పెట్టి పగలగొట్టింది. బతికే ఉంది. వారం వారం ఉత్తరం రాస్తుంది." ఆర్డిత్ ఇటు తిరిగింది. "మీ తప్పని నేననట్లేదు ఆర్ఫా గారూ. ఆ రాయి విసిరింది దాని చెయ్యే. కానీ ఒకటి అడుగుతాను. ఆ పదకొండు పొద్దులూ మీరు ఫోన్లో ఏమన్నారు?"

"అందరితో అనేదే."

"ఏంటది?"

"ఇవాళ మంచం లేదమ్మా, రేపు చెయ్యి, అని."

తను అన్న ఆ మాట గదిలో పడి, సర్ది ఉన్న ఆ మంచం దగ్గరే ఆగిపోయింది. ఎన్ని వందలసార్లు అని ఉంటుందో. ఏ ఒక్కసారీ అబద్ధమని తోచలేదు. రాత్రి కాగితంలో ఖాళీ అని రాసేది. పొద్దున ఫోన్లో లేదు అని చెప్పేది. రెండూ నిజాలనే అనుకుంది. ఒకదాని పక్కన ఒకటి పెట్టి ఎప్పుడూ చూసుకోలేదు.

"మీ కమిషనర్లకి తెలుసా, నువ్వు ఆ అమ్మాయి చెల్లెలివని?"

"వాళ్ళు అడగలేదు. వాళ్ళకి తెలిసింది వేరే." ఆర్డిత్ అప్పుడు కూర్చుంది, కుర్చీలో దుప్పట్ల దొంతర ఒళ్ళో పెట్టుకుని. "వాళ్ళలో ఒకాయన అన్నాడు, బయట పద్నాలుగు మంది ఎదురుచూస్తున్నారని ఆవిడ ఏడాదంతా చెబుతుంది, మరి ఎదురుచూసేవాళ్ళుంటే మంచం ఖాళీగా ఎందుకుంటుంది, అని. రెండింట్లో ఒకటి అబద్ధమైతే ఆ ఇంటికి డబ్బెందుకు, పక్క కౌంటీ ఆసుపత్రికి ఇద్దాం, అన్నాడు. మిగతా ఇద్దరూ తలూపారు. వాళ్ళేం రాక్షసులు కాదు. లెక్క కుదరట్లేదు వాళ్ళకి, అంతే."

"పక్క కౌంటీ ఆసుపత్రికి గంటన్నర ప్రయాణం. మా వాళ్ళలో సగం మందికి కార్లు లేవు."

"తెలుసండీ."

"తెలిసి?"

"తెలిసే అడిగి మరీ ఈ పని మీద వచ్చాను. ఈ ఇల్లు మూసేయించాలని రాలేదు. మా అక్క బయటికొచ్చేనాటికి ఇది తెరిచి ఉండాలి." ఒళ్ళో జారుతున్న దుప్పట్లని సర్దుకుంది. "ఐదింటికి నేను సంతకం పెట్టాలి. అప్పుడు ఈ ఇంట్లో పదిమంది ఉంటే పది అని రాస్తాను. తొమ్మిది ఉంటే తొమ్మిది. మీలాగే నేనూ అబద్ధం రాయను. పది అని ఉంటే ఎల్లుండి నేను లేచి మాట్లాడగలను. తొమ్మిదైతే నన్ను మాట్లాడమని కూడా అనరు."

గోడ గడియారంలో మూడున్నర అయింది.

నడవలోంచి వెల్డా వచ్చేసింది. ఈసారి దాక్కోలేదు. చేతిలో గరిటె ఉంది. మొహం ఎర్రబడింది.

"ఆ పిల్లకి ఇంకా రెండు రాత్రులున్నాయి పిన్నీ."

"తెలుసు."

"ఐదు అయ్యాయి. ఇవాళ ఆరు. నేను మూడోసారి ఆరో రాత్రే వచ్చాను. గుర్తుందా? వానలో. ఈ మంచం లేకపోతే నేను వంతెన మీంచి..." ఆగింది. గరిటె కిందికి దించింది. "ఇవాళ ఇది తీసేస్తే, రేపు నేను మళ్ళీ మత్తులోకి జారితే నాకేదీ? ఇక్కడున్న తొమ్మిదిమందీ అదే అడుగుతారు. రాత్రిళ్ళు మేం నిద్రపోయేదే ఆ భరోసా మీద."

"అడగనీ. అడగాల్సిందే."

"మరి ఏం చెబుతావ్?"

ఆర్ఫా లేచింది. మోకాలు పట్టుకుని కాస్త ఆగి, ఆరో నంబరు మంచం దగ్గరికి నడిచింది. బొంత మడిచిన మూలని అరచేత్తో నిమిరింది. ఆ రాత్రి తన మంచంలో నోరు తెరుచుకుని పడుకున్న అమ్మాయి గురించి ఇరవై ఆరేళ్ళుగా తలుచుకుంటూనే ఉంది. తన చోటు లాక్కున్న మనిషిగానే తలుచుకుంది. ఆ అమ్మాయి ఎవరి ట్రక్కులో కూర్చుని ఎన్నాళ్ళు ఎదురుచూసిందో, ఎన్ని పొద్దులు ఫోను చేసిందో ఒక్కసారీ ఆలోచించలేదు. చంటిపిల్లలా నిద్రపోయిందంటే ఎన్ని రాత్రులైందో నిద్రపోయి.

"వెల్డా" అంది, "వానలో వచ్చినప్పుడు నీకు కావలసింది మంచమా? తలుపు తీసే మనిషా?"

"రెండూ" అంది వెల్డా మొండిగా.

"రెండూ ఇవ్వలేకపోతే?"

వంటింట్లోంచి అడుగంటుతున్న వాసన మొదలైంది.

"వంటింటి పక్క గదిలో నేలమీద పరుపు వేస్తాను" అంది చివరికి, ఎవరినో తిడుతున్నట్టు. "వస్తే అక్కడ పడుకుంటుంది. పొయ్యి వెచ్చదనం ఉంటుంది. కౌంటీ అమ్మాయ్, నేలమీద పరుపుకి మీ కాగితంలో గడి ఉందా?"

"లేదు" అంది ఆర్డిత్.

"హమ్మయ్య. అయితే దాని మీద మీకేం పెత్తనం లేదు."

గరిటె ఊపుకుంటూ వెళ్ళిపోయింది. ఆర్డిత్ నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది, నారింజరంగు చొక్కా అంచుతో.

ఆర్ఫా బొంత తీసి మడతపెట్టింది. పొద్దున ఎవరో మార్చిన దుప్పటే. ఎవరూ పడుకోలేదు కాబట్టి మార్చక్కర్లేదు. అయినా లాగేసింది. రెన్నీ కోసం పరిచినదాని మీద ఇంకొకరిని పడుకోబెట్టడానికి మనసొప్పలేదు. ఆర్డిత్ తన ఒళ్ళోని దొంతరలోంచి కొత్త దుప్పటి తీసి అటు కొస పట్టుకుంది. ఇద్దరూ కలిసి పరిచారు.

తర్వాత ఆర్ఫా ఆఫీసు గదిలోకి వెళ్ళింది. ఒకప్పుడు హెడ్‌మాస్టరు గది. గోడకి తగిలించిన జాబితాలో మొదటి పేరు ట్రెసా. పద్దెనిమిది రోజులుగా పొద్దున ఎనిమిదిన్నరకి ఫోను చేస్తోంది. మెల్లగా, మర్యాదగా మాట్లాడుతుంది. మంచం లేదంటే, "పర్లేదండీ, మీ రోజు బాగుండాలి" అని పెట్టేస్తుంది. ఈ పొద్దున కూడా అలాగే అంది.

మంచం మీంచి లాగేసిన దుప్పటి ఇంకా ఎడమచేతి మీదే ఉంది. కుడిచేత్తో నంబరు నొక్కింది. గుమ్మంలో ఆర్డిత్ నిలబడింది.

మూడుసార్లు మోగింది. నాలుగోసారి ఎవరో ఎత్తారు.

"హలో?"

ట్రెసాది కాదు, బాగా తెలిసిన ఇంకెవరిదో గొంతు; ఆ ఒక్క మాటకే ఆర్ఫా కుర్చీ అంచు పట్టుకుంది. ఎవరి ఇంటికి ఫోను చేసినా, తనకు కావలసిన మనిషి గొంతు వినేదాకా ఎక్కణ్ణుంచో చెప్పకూడదు. అందుకని గొంతు సవరించుకుని, "ట్రెసాని పిలుస్తారా?" అంది.



"పిన్నీ?" అంది రెన్నీ.

ఆర్ఫా పైకి చూస్తే ఆర్డిత్ మొహంలో ప్రశ్న. తల అడ్డంగా ఊపింది, ఆగమన్నట్టు.

"నువ్వేనని నాకు తెలుసు" అంది రెన్నీ. అలసిపోయిన గొంతు, కానీ మత్తులో లేదు. "శుక్రవారం నించీ ఇక్కడే ఉన్నాను. ట్రెసా సోఫా మీద. రోజూ పొద్దున అది నీకు ఫోను చేస్తుంటే పక్కనే కూర్చుంటున్నాను. స్పీకర్లో పెడుతుంది. నువ్వు 'ఇవాళ మంచం లేదమ్మా' అంటావు. నాలుగు రోజులు విన్నాను పిన్నీ. ఎందుకు లేదో దానికి చెప్పలేదు నేను. చెప్పడానికి నోరు రాలేదు."

"రెన్నీ" అంది ఆర్ఫా.

"ట్రెసా పెరట్లో కట్టెలు తెస్తోంది. వచ్చేస్తుంది. ఇప్పుడు చెప్పు, తొందరగా." అవతల తలుపు కిర్రుమంది, చెక్కలు నేలమీద పడ్డ చప్పుడు. రెన్నీ గొంతు తగ్గించింది. "నువ్వు ఫోను చేసింది దానికోసమా, నాకోసమా?"